పొరుగు కేసు

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఏఎన్ఎం నర్సు పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. రిటైరైన మనిషి దగ్గర చాయ్‌తో పాటు కథలు కూడా ఊరికే దొరుకుతాయని వాళ్లకు తెలుసు. టీకాల డబ్బా నెత్తిన పెట్టుకుని నడుం లోతు వాగు దాటిన కథ, సబ్‌సెంటర్‌లో పాము దూరిన కథ, ట్రాక్టర్ ట్రాలీలో కాన్పు చేసిన కథ, అన్నీ చెప్పాను. చెప్పిన ప్రతిసారీ వాగు కొంచెం లోతవుతుంది, పాము కొంచెం పొడుగవుతుంది. ఈ ఒక్క కథ మాత్రం ఇంతవరకు చెప్పలేదు. ఇందులో నేను గొప్పగా కనిపించను, అందుకే చెప్పలేదు. అంతకు మించి కారణం ఏమీ లేదు.

మాది బోనకల్ వైపు. అమ్మానాన్నలు కూలికి పోయి నన్ను చదివించారు. పొద్దున లేస్తే ప్రార్థన, పడుకునే ముందు ప్రార్థన, అన్నం ముందు ప్రార్థన, మా ఇంట్లో మిగతావన్నీ కరువే గానీ ప్రార్థనకు ఎప్పుడూ కరువు లేదు. ట్రైనింగ్ అయిపోయి ఉద్యోగం వచ్చాక ఏజెన్సీలో పోస్టింగ్ ఇచ్చారు. మా బంధువులు చావు కబురు విన్నట్టు మొహాలు పెట్టారు. నేను మాత్రం దేవుడే నన్ను పంపుతున్నాడని సంబరపడుతూ బస్సెక్కాను. భద్రాచలం నుంచి గంటకు పైగా ప్రయాణం చేసి, బస్సు ఇంక ముందుకు పోనని మొరాయించే చోట దిగితే, అదే నాకిచ్చిన ఊరు. అక్కడే ఒక గది కిరాయికి తీసుకున్నాను.

కాన్పు చేసే ముందు తల్లి నుదుటి మీద చెయ్యి పెట్టి రెండు మాటలు ప్రార్థన చేయడం నాకు అలవాటు. ఎవరి దేవుడు వాళ్లకున్నా, ఆ అడవి ఊళ్లలో ఎవరూ వద్దనలేదు. 'ప్రార్థన సిస్టరమ్మ' అని పేరు పెట్టారు. ఆ పేరంటే నాకు లోలోపల ఎంత ఇష్టమో ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

ఊరు దాటి రెండు కిలోమీటర్లు పోతే వాగు, దాని మీద ఎత్తు తక్కువ చప్టా. కొంచెం గట్టి వాన పడితే నీళ్లు చప్టా మీదుగా పోతాయి, అవతలి ఊళ్లకు రాకపోకలు బంద్. నా ఊళ్లు కొన్ని ఇవతల, కొన్ని అవతల. అవతల ఇంకా లోపలికి, అడవిలో, ఒక వలస గుంపు ఉండేది. పక్క రాష్ట్రంలో గొడవలకు భయపడి సరిహద్దు దాటి వచ్చిన ఆదివాసులు. కొంచెం పోడు చేసుకుంటూ, మిర్చి ఏరే కాలంలో ఇటువైపు తోటలకు కూలికి వచ్చేవాళ్లు. వాళ్ల గుడిసెలకు నంబర్లు లేవు, వాళ్ల దగ్గర కార్డులు లేవు. అందుకని మా లిస్టుల్లో వాళ్లు లేరు.

ఈ సంగతి ఉద్యోగంలో చేరగానే మా సూపర్‌వైజర్ మేడం చెవిలో వేసింది. "సూదులు ఇయ్యి, గోలీలు ఇయ్యి, ఎవరు వద్దన్నరు? గాని లిస్టుకు ఎక్కియ్యకు. రేపు ఏమన్న అయితే మన నెత్తి మీదికొస్తది" అంది. ఆమె చెడ్డ మనిషని అనుకోకండి. నాకు జ్వరమొస్తే గంజి కాచి తన టిఫిన్ డబ్బాలో తెచ్చిన మనిషి. ఉద్యోగం ఆమెకు అంతే నేర్పింది, ఆమె నాకు అంతే నేర్పింది.

నా నోటుబుక్కులో ముందు పేజీల నిండా మా ఊళ్ల గర్భిణుల పేర్లు, నెలలు, కాన్పు తారీకులు ఉండేవి. వలస గుంపు వాళ్లకు మందులిస్తున్నాను కదా, వాళ్ల వివరాలూ ఎక్కడో ఒకచోట ఉండాలి. పుస్తకం తిరగేసి చివరి పేజీలో రాసుకునేదాన్ని. పైన 'పొరుగు రాష్ట్రం వాళ్లు' అని రాయాలి. అంత రాయడానికి బద్ధకించి 'పొరుగు' అని రాసి గీత గీశాను. అటు తర్వాత నాకూ, మా ఆశా కార్యకర్తకూ, మేడంకూ అదే మాట అయిపోయింది. పొరుగోళ్లకు ఇన్ని గోలీలు, పొరుగోళ్లలో ఇద్దరికి జ్వరం. ఆ మాట రోజుకు ఎన్నిసార్లు అనేదాన్నో లెక్కలేదు.

ఆ ఏడాది వానాకాలం మొదట్లో, ఆ గుంపు నుంచి ఒకామె వచ్చింది. ఇరవై ఏళ్లుంటాయేమో, తొలి చూలు. మిర్చి తోటల్లో పనిచేయడం వల్ల తెలుగు కొంచెం వచ్చు. కాళ్లు వాచి ఉన్నాయి. బీపీ చూస్తే చాలా ఎక్కువ, రెండోసారి కట్టి చూసినా అంతే. ఇది ఇంటి కాన్పుకు లొంగే కేసు కాదు. మా ఆశా ఆ చుట్టుపక్కల కోయ ఇంటి ఆడబిడ్డే, వాళ్ల భాష తెలుసు, ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని గట్టిగా చెప్పించాను.

"నువ్వు పెద్ద దవాఖానాకు పోవాలె. నెలలు నిండంగనే నేను కబురు పంపుత. అప్పుడు మూట కట్టుకొని రా. అప్పటిదాక ఉప్పు తగ్గియ్యి, బరువులు మొయ్యకు" అన్నాను.

"అవ్, వస్త" అంది ఆమె.

గోలీలిచ్చి, నుదుటి మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి పంపాను. చివరి పేజీలో పేరు రాసుకుని కింద ఎర్ర పెన్నుతో గీత కూడా గీశాను. తర్వాత పదిహేను రోజులకొకసారి వచ్చి బీపీ చూపించుకుని పోయేది.

ఇంతలో ఇంకో ముచ్చట. నేను ప్రతి ఆదివారం భద్రాచలంలో ఆరాధనకు పోయేదాన్ని. ఏడాదికొకసారి అక్కడ స్త్రీల ఆదివారం జరుగుతుంది. ఆ రోజు పాటలు, ప్రార్థనలు, ప్రసంగం అన్నీ ఆడవాళ్లవే. ఆ ఏడు ప్రసంగం నన్ను చెప్పమన్నారు. ఎప్పుడూ పెద్ద పెద్ద టీచర్లు, లెక్చరర్లు నిలబడే చోట కూలోళ్ల బిడ్డ నిలబడబోతోంది. నేల మీద నడిచానంటే ఒట్టు. రెండు గొప్ప ఆజ్ఞల మీద చెప్పాలనుకున్నాను. దేవుణ్ణి మనసంతా పెట్టి ప్రేమించాలి, మన మీద మనకెంత ప్రేమో పొరుగువాడి మీదా అంతే ఉండాలి. నెల రోజులు చిన్న చిన్న కాగితాల మీద రాసుకున్నాను. టీకాలకు నడిచిపోతూ దారిలో మా ఆశాకు చదివి వినిపించేదాన్ని. ఆమె చర్చికి పోయే మనిషి కాదు, అయినా ఓపిగ్గా వినేది. "మంచిగ చెప్తున్నవ్ అక్కా. గాని జర పొడుగైంది" అనేది.

ఆ ఆదివారానికి ముందు రోజు ఆఫీసు నుంచి ఫోను. భారీ వానలు పడతాయంటున్నారు, వాగు దాటి ఉన్న ఊళ్లలో నెలలు నిండిన వాళ్లను ముందే భద్రాచలం దవాఖానాకు చేర్చండి, ఆదివారం పొద్దున్నే జీపు పంపుతున్నాం అని. నాకు ఆనందం పట్టలేదు. గర్భిణుల్ని దింపినట్టూ ఉంటుంది, నేను చర్చికి చేరినట్టూ ఉంటుంది, బస్సుల్లో నలగకుండా గంజి పెట్టిన తెల్లచీర మడత చెడకుండా పోవచ్చు. నా ప్రసంగం కోసం దేవుడే జీపు పంపాడనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను పిల్లలూ, నవ్వకండి.

నోటుబుక్కు తీసి ముందు పేజీలు చూశాను. ముగ్గురున్నారు. ముగ్గురికీ కబుర్లు పంపి, పుస్తకం మూసి, చీర ఇస్త్రీ చేసుకున్నాను. చివరి పేజీ తిప్పలేదు.

తెల్లారి జీపు చప్టా దాటి అవతలి గట్టున ఆగింది. వాన లేదు గానీ ఆకాశం నల్లగా దిగి ఉంది. ముగ్గురు గర్భిణులు, వాళ్ల తల్లులు, మూటలు, నీళ్ల సీసాలు, అందరూ ఎక్కారు. ముందు సీట్లో నాకు చోటు, వెనక సర్దుకుంటే ఇంకొకరికి చోటు. నేను ఎక్కబోతుంటే మా ఆశా జీపు తలుపు పట్టుకుంది.

"అక్కా, గుంపుల ఆమె గూడ వస్తుంది. నిన్న పొద్దుమూకంగ నేనే కబురు పంపిన. నడిచి వస్తున్నరు. జరసేపు ఆగుదాం."

"నీకెవరు పంపమన్నరు?"

"నువ్వే గదా ఆమెకు చెప్పినవ్, కబురు పంపుతమని."

అప్పుడు గుర్తొచ్చింది. ఎర్ర గీత కళ్ల ముందు కనిపించింది. ఇక్కడ మీకు నిజం చెప్పాలి. ఆ క్షణంలో నాకు సిగ్గనిపించలేదు. చిరాకనిపించింది. నేను మర్చిపోయిన పని ఆమె గుర్తుపెట్టుకుని చేసినందుకు చిరాకు.

జీపు డ్రైవర్ నెరిసిన గడ్డం ముస్లిం పెద్దాయన. ఇంజన్ ఆపేశాడు. "ఆగుదాం సిస్టర్. అరగంటల ఏం మునుగుతది? నేను చాయ్ తాగొస్త" అన్నాడు.

గడియారం చూసుకున్నాను. ఆరాధన పదింటికి. దవాఖానాలో వీళ్లను దింపి, పేర్లు రాయించి, చర్చికి చేరేసరికి సరిగ్గా సరిపోతుంది. అరగంట ఆగితే పాటలు అయిపోతాయి. గంట ఆగితే నా ప్రసంగం ఇంకెవరో చెప్తారు.

"వాళ్లు పొరుగోళ్లు చెల్లె, మన లిస్టుల లేరు. ఎప్పుడొస్తరో ఏమో. ఈ ముగ్గురిని పెట్టుకొని ఎంతసేపు కూసుంటం? రేపో ఎల్లుండో ఇంకో బండి అడుగుత" అన్నాను.

"వాన పడితే?"

"దేవుడు చూసుకుంటడు లే."

ఆశా తలుపు వదిలేసింది. డ్రైవర్ నా మొహం ఒకసారి చూసి బండి స్టార్ట్ చేశాడు. నేను చేయాల్సిన పనిని దేవుడి మీదికి తోసేసి, దేవుడి పని మీద బయలుదేరాను.

ప్రసంగం బాగా జరిగింది. బాగా జరిగిందంటే మామూలుగా కాదు, వెనక బెంచీల వాళ్లు కూడా కొంగులతో కళ్లు తుడుచుకున్నారు. పొరుగువాడంటే పక్కింటివాడే కాదు, మన అవసరం ఎవరికుంటే వాళ్లేనని చెప్పాను. ఆ మాట చెప్తున్నప్పుడు నా గొంతు వణికింది. భక్తితోనే వణికింది. అంతకు మూడు గంటల ముందు అదే నోటితో అదే మాట ఇంకో అర్థంలో అన్నానన్న ధ్యాస ఆవగింజంత కూడా లేదు. పాస్టరమ్మ నా రెండు చేతులూ పట్టుకుని "దేవుడు నిన్ను బాగా వాడుకున్నాడమ్మా" అంది. తర్వాత ప్రేమవిందు. నా విస్తట్లో ఇద్దరు ముగ్గురు కొసరి కొసరి వడ్డించారు. తింటుండగా రేకుల మీద వాన మొదలైంది.

ఆ వాన మంగళవారం దాకా తెరిపివ్వలేదు. నేను భద్రాచలంలోనే ఆగిపోయాను. ఫోన్లు కలవలేదు. మంగళవారం మధ్యాహ్నం బస్సు నడిస్తే ఊరు చేరి, సంచీ కూడా దించకుండా చప్టా దగ్గరికి పోయాను. నీళ్లు మోకాలి లోతుకు దిగాయి. అవతలి నుంచి నలుగురు మగవాళ్లు కావడి కట్టుకుని, దుప్పటి జోలెలో ఆమెను మోసుకొస్తున్నారు. వెనకాల మా ఆశా.

జరిగింది ఆశా ముక్తసరిగా చెప్పింది. మా జీపు పోయిన అరగంటకు ఆమె, అత్త, మొగుడు చప్టా దగ్గరికొచ్చారు. ఇంకో బండి వస్తుందేమోనని మధ్యాహ్నం దాకా అక్కడే కూర్చున్నారు. వాన ముంచుకొస్తే వెనక్కి నడిచిపోయారు. సోమవారం నొప్పులు, వెంట ఫిట్స్. బిడ్డ కడుపులోనే పోయింది. మగబిడ్డ.

జోలెలో ఉన్న ఆమెకు స్పృహ లేదు. అలవాటు కొద్దీ నుదుటి మీద చెయ్యి పెట్టాను. ప్రార్థన ఒక్క మాట కూడా రాలేదు. చెయ్యి తీసేసి బీపీ చూశాను, సూది వేశాను, అంబులెన్సులో పక్కన కూర్చుని భద్రాచలం దాకా పోయాను. గుంపు ఆమె పది రోజులు దవాఖానాలో ఉండి బతికి బయటపడింది.

ఆ నెల మీటింగ్‌లో ఈ విషయం వచ్చింది. ఎదురుగా ఆఫీసరు, బల్ల మీద చాయ్, బిస్కెట్లు. "ఈ బిడ్డ చనిపోయిన కేసు ఏ సబ్‌సెంటర్‌ది?" అన్నాడాయన. నేను లేవబోయాను. నిజం చెప్పడానికే లేస్తున్నానని ఇన్నేళ్లుగా నాకు నేను చెప్పుకుంటున్నాను గానీ, ఏం చెప్పేదాన్నో నాకు తెలియదు. ఈలోపే మా మేడం లేచింది.

"పొరుగు కేసు సార్. మన లిస్టుల లేదు."

"అట్లనా, సరే" అని ఆయన కాగితం తిప్పాడు.

గదిలో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. మేడం కూర్చుంటూ బల్ల కింద నా చెయ్యి నొక్కింది, గండం గడిచిందన్నట్టు. నాకు మాత్రం అప్పుడు వినిపించింది ఆ మాట. పొరుగు. ప్రసంగంలో నేను అన్నిసార్లు అని, జనాన్ని ఏడిపించిన మాట. మా చర్చిలో ఆ మాటకు ఆ బిడ్డ పోయిన తల్లిని ప్రేమించమని అర్థం. మా ఆఫీసులో ఆ తల్లిని లెక్కలోంచి తీసెయ్యమని అర్థం. రెండు చోట్లా నేనే ఉన్నాను. ఆదివారం ఒక అర్థంతో, సోమవారం నుంచి శనివారం దాకా ఇంకో అర్థంతో ఏళ్ల తరబడి హాయిగా బతికాను. బిస్కెట్ల ప్లేటు నా దగ్గరికొస్తే ఒకటి తీసుకున్నాను కూడా. చేతిలో పట్టుకుని కూర్చున్నాను.

ఆ తర్వాత గుంపు ఆడవాళ్ల పేర్లు ముందు పేజీల్లోకి ఎక్కించాను. మేడంతో గొడవైంది, కొన్నాళ్లు మాటల్లేవు, తర్వాత ఆమే తగ్గింది. దీన్ని గొప్పగా చెప్పుకోవడానికేం లేదు, దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు. చర్చిలో ఒకసారి, నా బతుకులో దేవుడు చేసిన మేలు గురించి అందరి ముందు సాక్ష్యం చెప్పాల్సి వస్తే ఈ సంగతి ఎత్తుకున్నాను. కానీ "ఒక కేసులో దేవుడు నాకు పాఠం నేర్పాడు" అని మెత్తగా చుట్టి చెప్పాను. అందరూ ఆమెన్ అన్నారు. తప్పును సాక్ష్యంగా మార్చి చెప్తే అది కూడా మెప్పే తెచ్చిపెడుతుందని ఆ రోజు తెలిసింది.

చెప్పాల్సింది వాళ్లకు కాదు, ఆమెకు. ఆమెతో చెప్పాలని రెండుసార్లు గుంపుకు పోయాను. మొదటిసారి ఆమె పోడులో పనికి పోయింది. రెండోసారి గుడిసె ముందు కూర్చుని జొన్నలు చెరుగుతోంది. నన్ను చూసి లేచి, మంచం వాల్చి, సొరకాయ బుర్రలో నీళ్లిచ్చింది. తాగాను. రక్తానికి గోలీలిచ్చి, ఎలా వేసుకోవాలో చెప్పి, తిరిగి వచ్చేశాను. భాష రాదు కదా, ఆశాను వెంటబెట్టుకుని వచ్చినప్పుడు చెప్దాం అనుకున్నాను. ఆమెకు తెలుగు వచ్చని నాకు బాగా తెలుసు.

ఉద్యోగంలో తప్పులు చేయనివాళ్లు ఉండరు పిల్లలూ. సూది తప్పుతుంది, తారీకు తప్పుతుంది, మనిషి కదా. నేను తప్పు చేసింది మాత్రం మర్చిపోయినప్పుడు కాదు. గుర్తొచ్చాక, జీపు దగ్గర, రెండు కాళ్ల మీద నిలబడి, ఆలోచించి చేశాను. దేవుడి మీద ప్రేమతో చేశానని కూడా అనుకున్నాను. మీలో ప్రార్థన చేసేవాళ్లున్నారు, చేయనివాళ్లున్నారు. ఆ రోజు అరగంట ఆగుదామన్న ఇద్దరిలో ఒక్కరూ మా చర్చికి వచ్చేవాళ్లు కాదన్నది మాత్రం గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు ఆ గుంపు అక్కడ లేదు. నాకు బదిలీ అయిన ఏడాదికే వాళ్లు గుడిసెలు విప్పుకుని వెళ్లిపోయారట. సరిహద్దు అవతలికని కొందరు, గోదావరి అవతలికని కొందరు అన్నారు. ఆశాకు ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతుంటాను, ఆమెకూ తెలియదు. చెప్పే అవకాశం నాకు మొత్తానికి లేకపోయిందని అనను. ఒకసారి వచ్చింది. తనే నడుచుకుంటూ వచ్చింది.

అది ఆ తర్వాత రెండో ఏడు ఎండాకాలం. పొద్దున్నే సబ్‌సెంటర్ తాళం తీద్దామని పోతే, వరండాలో ఆమె కూర్చుని ఉంది. ఒడిలో మూట, పక్కన అత్త. నిండు నెలలు. పుస్తకంలో చూస్తే కాన్పుకు ఇంకా ఇరవై రోజులున్నాయి. నేనింకా కబురు కూడా పంపలేదు. ఎండలు మండిపోతున్నాయి, వాగులో చుక్క నీళ్లు లేవు. వాన భయం ఎక్కడిది?

"గింత జల్దీ ఎందుకొచ్చినవ్ బిడ్డా? ఇంక దినాలున్నయి గదా" అన్నాను.

ఆమె మూట పక్కన పెట్టి లేచి నిలబడింది. తల వంచుకుని, వచ్చిన తెలుగులో, దారి పొడుగునా అనుకుంటూ వచ్చినట్టు చెప్పింది.

"పోయినసారి లేటుగ వచ్చిన, సిస్టరమ్మా. నడక ఆలస్యమైంది. నువ్వు నా కోసం ఎంతసేపు ఎదురు చూసినవో ఏమో. నాదే తప్పు. ఈసారి ముందుగాల్నే వచ్చిన. కోపం పెట్టుకోకు."

తాళంచెవి నా చేతిలోనే ఉంది. అత్త కూడా నా వైపే చూస్తోంది. చెప్పడానికి ఇంతకంటే మంచి సమయం దొరకదని నాకు తెలుసు.

"పర్లేదు లే" అన్నాను.

ఆమె మొహం తేలికపడింది. నవ్వి, మూట తీసుకుని, నా వెనకే లోపలికి వచ్చింది.